మారుతున్న వైరస్‌ను దేశం ఎలా గమనించింది? కోవిడ్ జన్యుక్రమ నిఘాపై తరచుగా అడిగే ప్రశ్నలు

కోవిడ్ మొదటి రెండు వేవ్‌లలో నేను ఒక ప్రభుత్వ వైద్య కళాశాల వైరాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేశాను. మా ల్యాబ్‌లో జన్యుక్రమం (వైరస్ జన్యుపదార్థంలోని అక్షరాల వరుస) చదవరు. చదివే ల్యాబ్‌లకు శాంపిళ్లు పంపడం మా పని. అప్పటి నుంచి ఇప్పటి దాకా చుట్టాలు, పక్కింటివాళ్లు, మా ఊరి వాట్సాప్ గ్రూప్‌లోవాళ్లు అవే సందేహాలు అడుగుతూనే ఉన్నారు. ప్రతి ఏడాదీ ఏదో ఒక కొత్త వేరియంట్ పేరు వార్తల్లోకి రాగానే మళ్లీ మొదలవుతాయి. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## ముందుగా, వైరస్ మారడం గురించి

వైరస్ మారిందంటే పూర్తిగా కొత్త వైరస్ వచ్చినట్టేనా?

కాదు. కోవిడ్ వైరస్ జన్యుపదార్థం ఒక ఆర్‌ఎన్‌ఏ పోగు. అందులో వరుసగా ఉండే నాలుగు రకాల రసాయన భాగాలనే అక్షరాలు అంటాం. 2020 జనవరిలో శాస్త్రవేత్తల చేతికి వచ్చిన మొదటి వుహాన్ జన్యుక్రమంలో 29,903 అక్షరాలున్నాయి. చాలా మారిపోయిందని అందరం భయపడ్డ ఒమిక్రాన్‌లో దాదాపు 50 చోట్ల తేడాలు కనిపించాయి. అంటే సుమారు 600 అక్షరాలకు ఒకటి. వైరస్ అదే. కానీ ఆ 50లో 30కి పైగా స్పైక్ ప్రోటీన్‌లోనే ఉన్నాయి. మన కణాలకు అతుక్కునేది ఆ ప్రోటీన్, మన యాంటీబాడీలు గుర్తుపట్టేదీ దాన్నే. అందుకే తేడాలు ఎన్ని అనే దానికంటే ఎక్కడ వచ్చాయి అనేది ముఖ్యం.

అసలు వైరస్ ఎందుకు మారుతుంది? మందులను తప్పించుకోవడానికి తెలివిగా మారుతోందా?

వైరస్‌కు తెలివి లేదు, పథకం లేదు. మన కణంలో చేరి తన ప్రతులు తీయించుకుంటుంది. ఆ కాపీ తీసేటప్పుడు అక్కడక్కడా అక్షరం తప్పు పడుతుంది. చాలా తప్పుల వల్ల ఏమీ జరగదు. కొన్ని తప్పులు వైరస్‌కే చేటు చేస్తాయి, ఆ ప్రతి అక్కడితో ఆగిపోతుంది. ఎప్పుడో ఒకటి వైరస్‌కు కలిసొస్తుంది. అది పడ్డ ప్రతి ఎక్కువమందికి అంటుకుంటుంది, మిగతావాటిని పక్కకు నెట్టేస్తుంది. కరోనా వైరస్‌లలో తప్పులు దిద్దే ఎంజైమ్ ఒకటి ఉంది కాబట్టి ఇవి ఫ్లూ వైరస్ కంటే నిదానంగా మారతాయి. కోవిడ్ తొలి రోజుల్లో లెక్కగట్టిన వేగం వైరస్ ఒక్కో వంశ శాఖకు నెలకు సుమారు రెండు మార్పులు.

మ్యుటేషన్, వేరియంట్, స్ట్రెయిన్... ఇవన్నీ ఒకటేనా?

ఒకటి కాదు. మ్యుటేషన్ అంటే ఒక్క అక్షరం మార్పు. కొన్ని మ్యుటేషన్లు ఒక గుంపుగా కలిసి వ్యాపిస్తుంటే ఆ రూపాన్ని వేరియంట్ అంటాం. స్ట్రెయిన్ అనే మాటను శాస్త్రవేత్తలు ఆచితూచి వాడతారు. వైరస్ ప్రవర్తన స్పష్టంగా మారిందని రుజువైతేనే ఆ మాట అంటారు. వార్తల్లో మాత్రం ప్రతిదీ స్ట్రెయినే.

డి614జి, ఎన్440కె లాంటి పేర్లను ఎలా చదవాలి?

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక అక్షరం గుర్తు. ఎన్440కె అంటే స్పైక్ గొలుసులో 440వ స్థానంలో ఉండాల్సిన ఆస్పరజిన్ బదులు లైసిన్ వచ్చిందని అర్థం. మొదటి అక్షరం పాతది, చివరి అక్షరం కొత్తది, మధ్యలో అంకె చిరునామా. స్పైక్ గొలుసు మొత్తం పొడవు 1,273. డి614జి 2020 మధ్యకల్లా ప్రపంచమంతా పరుచుకుంది. ఆ తర్వాత వచ్చిన పెద్ద వేరియంట్లన్నీ దాని సంతానమే.

## శాంపిల్ దగ్గర

నాకు పాజిటివ్ వచ్చింది. నాది ఏ వేరియంటో రిపోర్టులో ఎందుకు రాయలేదు?

ఆర్‌టీపీసీఆర్ టెస్టు వైరస్ ఉందా లేదా అని మాత్రమే చెబుతుంది. జన్యుక్రమం చదవడం వేరే పని. దానికి ఖర్చు ఎక్కువ, రోజులు ఎక్కువ. పాజిటివ్ వచ్చిన వాటిలో కొన్నింటినే ఎంచి పంపుతారు. ఫలితం కూడా రోగి చేతికి ఇవ్వడానికి ఉద్దేశించింది కాదు. అది వచ్చేసరికి చాలామందికి జబ్బు తగ్గిపోయి ఉంటుంది, వేరియంట్ పేరును బట్టి మీకు ఇచ్చే చికిత్సా పెద్దగా మారదు. ఈ పని చేసేది దేశం కోసం, ఊరి కోసం. ఇది చెప్పినప్పుడు చాలామంది నిరాశపడటం చూశాను. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది.

ఏ శాంపిల్ పంపాలో ఎలా తేలుస్తారు? సీటీ వాల్యూకి దీనితో సంబంధం ఏమిటి?

శాంపిల్‌లో వైరస్ తగినంత లేకపోతే మొత్తం జన్యుక్రమం చదవలేరు, మధ్యమధ్యలో ఖాళీలు వస్తాయి. ఎంత వైరస్ ఉందో సీటీ వాల్యూని బట్టి అంచనా వేస్తాం. పీసీఆర్ మెషీన్ ఎన్ని విడతలు రెట్టింపు చేస్తే వైరస్ జాడ కనిపించిందో ఆ సంఖ్యే సీటీ. తక్కువ సీటీ అంటే ఎక్కువ వైరస్. సుమారు 3.3 విడతల తేడా అంటే పదిరెట్ల తేడా. సీటీ 25 ఉన్న శాంపిల్‌లో 35 ఉన్నదాని కంటే దాదాపు వెయ్యి రెట్లు ఎక్కువ వైరస్ ఉంటుంది. అందుకే 25 కంటే తక్కువ ఉన్నవాటిని ఏరి పక్కన పెట్టేవాళ్లం.

విదేశాల నుంచి వచ్చినవాళ్లవి, సీరియస్ కేసులవి మాత్రమే పంపితే సరిపోదా?

సరిపోదు. అనుమానం ఉన్నచోట మాత్రమే వెతికితే మనం అనుమానించినదే దొరుకుతుంది. హైదరాబాద్ అనుభవమే చూడండి. 2021 డిసెంబర్‌లో రిస్క్ జాబితాలోని దేశాల నుంచి దిగిన ప్రతి ప్రయాణికుడికీ ఎయిర్‌పోర్టులో టెస్టు చేసేవారు. మిగతా దేశాల వాళ్లలో 2 శాతం మందిని చీటీ తీసినట్టు ఎంచుకునేవారు. తెలంగాణలో డిసెంబర్ 15న ప్రకటించిన తొలి ఒమిక్రాన్ కేసులు బయటపడింది ఆ 2 శాతంలోనే. వాళ్లు వచ్చిన దేశాలు రిస్క్ జాబితాలో లేవు.

కాబట్టి రెండు బుట్టలూ ఉండాలి. వేరియంట్ వాటా ఎంతో తెలియాలంటే ఎంపిక లేకుండా తీసిన శాంపిళ్లు కావాలి. కొత్తగా ఏదైనా వస్తోందా అని కనిపెట్టాలంటే వింత కేసులు కావాలి. అంటే వ్యాక్సిన్ వేసుకున్నాక కూడా జబ్బు ముదిరినవాళ్లు, రెండోసారి సోకినవాళ్లు, నెలల తరబడి వైరస్ పోనివాళ్లు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ల ఒంట్లో వైరస్ నెలలపాటు ఉండిపోయి ఎక్కువ మార్పులు పోగేసుకుంటుంది. ఈ రెండు బుట్టలనూ కలిపేసి శాతాలు చెబితే మాత్రం ఆ అంకె తప్పు.

ట్యూబుతో పాటు ఏ వివరాలు పంపుతారు? అవి అంత ముఖ్యమా?

నన్నడిగితే ట్యూబు ఎంత ముఖ్యమో చీటీ అంత ముఖ్యం.

రాత్రి పదింటికి రెండో బ్యాచ్ పీసీఆర్ ముగిసేది. పాజిటివ్‌ల లిస్టు తీసి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లోంచి ఆ ట్యూబులను వెతికి బయటపెట్టేవాళ్లం. చేతి వేలి కొస అంత ట్యూబు, దాని మూత మీద మార్కర్‌తో రాసిన నంబరు. ఆ నంబరునే ఎక్సెల్ షీట్‌లో వెతికి వయసు, స్త్రీ పురుషుడు, జిల్లా, పిన్‌కోడ్, శాంపిల్ తీసిన తేదీ, సీటీ వాల్యూ, ప్రయాణ వివరం, వ్యాక్సిన్ వేసుకున్నారా లేదా అనేవి నింపాలి. తర్వాత థర్మాకోల్ పెట్టె, అందులో డ్రై ఐస్, మూత చుట్టూ టేపు.

ఒకసారి ట్యూబుల పైభాగాన్ని స్పిరిట్‌తో తుడిచినప్పుడు నలభైకి పైగా ట్యూబుల మీది నంబర్లు చెరిగిపోయాయి. అందులో వైరస్ ఉంది, జన్యుక్రమం చదవవచ్చు. కానీ అది ఏ ఊరిదో, ఏ తేదీదో ఎవరికీ తెలియదు. వాటిని పంపలేదు. ఇంకొన్నిసార్లు పిన్‌కోడ్ గడి ఖాళీగా ఉండేది, లేదా అందరికీ టెస్టింగ్ సెంటర్ పిన్‌కోడే ఉండేది. అప్పుడు ఒకే వీధిలో పుట్టిన గుంపును కూడా జిల్లా అంతా చెల్లాచెదురుగా వచ్చిన కేసుల్లాగే చూడాల్సి వస్తుంది. ఎక్కడ, ఎప్పుడు అనే రెండు మాటలు లేని జన్యుక్రమం వైరస్ ప్రయాణం గురించి ఏమీ చెప్పలేదు.

జన్యుక్రమం చదివితే నా పేరు, నా జన్యువులు బయటికి వెళ్తాయా?

చదివేది వైరస్ జన్యువులను. మీ జన్యువులతో పని లేదు. ప్రపంచ డేటాబేస్‌లోకి వెళ్లేటప్పుడు పేరు, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా ఉండవు. దేశం, రాష్ట్రం, తేదీ, కొన్నిసార్లు వయసు, స్త్రీ పురుషుడు అనే వివరం ఉంటాయి.

## ల్యాబ్‌లో

30 వేల అక్షరాలను ఎలా చదువుతారు?

స్వాబ్ ద్రవంలోంచి ముందు ఆర్‌ఎన్‌ఏను వేరు చేస్తారు. దాన్ని డీఎన్‌ఏ రూపంలోకి మారుస్తారు, ఎందుకంటే మెషీన్లు డీఎన్‌ఏను సులభంగా చదువుతాయి. తర్వాత మొత్తం జన్యుక్రమాన్ని చిన్న చిన్న ముక్కలుగా కాపీలు తీస్తారు. చాలా ల్యాబ్‌లు వాడిన పద్ధతిలో ఒక్కో ముక్క సుమారు 400 అక్షరాలు. ఇంటిపైకప్పు పెంకులు ఒకదాని అంచు ఇంకొకదాని మీదకు వచ్చేలా పేర్చినట్టు ఈ ముక్కల అంచులు కూడా ఒకదాని మీదకు ఒకటి వస్తాయి. మెషీన్ ఒక్కో ముక్కనూ వందలసార్లు చదువుతుంది. కంప్యూటర్ ఆ చదువులన్నీ వుహాన్ జన్యుక్రమం పక్కన పేర్చి, ఎక్కడెక్కడ తేడా ఉందో జాబితా ఇస్తుంది.

ఇందులో ఒక చిక్కుంది. ముక్క మొదలయ్యే చోటే వైరస్ మారిపోతే ఆ ముక్క కాపీ సరిగా రాదు, ఆ పెంకు రాలిపోయినట్టే. అందుకే కొత్త వేరియంట్లు వచ్చినప్పుడల్లా ముక్కల కాపీలు తీసే కిట్‌లను కూడా మార్చుకుంటూ వచ్చారు.

ఫలితానికి ఎన్ని రోజులు పడుతుంది?

అన్నీ అమరితే ల్యాబ్‌లో పని నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. అసలు ఆలస్యం దానికి ముందూ వెనకా జరుగుతుంది. శాంపిళ్లు ఒక పెట్టెకు సరిపడా పోగవ్వాలి, దూర ప్రయాణం చేయాలి, మెషీన్ ఒక రన్‌కు సరిపడా నిండాలి, వివరాలు లేనివాటికి జిల్లాకు ఫోన్లు చేయాలి. అలా రెండు మూడు వారాలు సులభంగా గడిచిపోయేవి.

సీక్వెన్సింగ్ (జన్యుక్రమం చదవడం) చేయకుండా పీసీఆర్‌లోనే వేరియంట్ తెలుస్తుందా?

కొన్నిసార్లు సూచన దొరుకుతుంది. కొన్ని కిట్‌లు వైరస్‌లో మూడు జన్యువులను వెతుకుతాయి, అందులో స్పైక్ ప్రోటీన్‌కు సంబంధించిన ఎస్ జన్యువు ఒకటి. బ్రిటన్‌లో బయటపడిన ఆల్ఫా వేరియంట్‌లోనూ, ఒమిక్రాన్ శాఖ బీఏ.1లోనూ స్పైక్‌లో 69, 70 స్థానాలు ఎగిరిపోయాయి. దాంతో ఆ కిట్‌లో మిగతా రెండు జన్యువులు కనిపించి ఎస్ మాత్రం కనిపించేది కాదు. ఎస్ కనిపించకపోవడమే అక్కడ ఆనవాలు. ఒమిక్రాన్‌దే మరో శాఖ బీఏ.2లో ఆ రెండు స్థానాలూ ఉన్నాయి కాబట్టి ఈ చిట్కా దానికి పనిచేయలేదు. మన దేశంలో 2022 మొదట్లో ఎక్కువగా వ్యాపించింది బీఏ.2నే. ఖాయంగా తేల్చాలంటే సీక్వెన్సింగే చేయాలి.

జన్యుక్రమాల నుంచి వైరస్ వంశవృక్షం ఎలా గీస్తారు?

తాళపత్ర ప్రతులను పరిష్కరించిన పండితుల పద్ధతి గుర్తుచేసుకోండి. ఒకే కావ్యానికి పది ప్రతులుంటాయి. వాటిలో మూడింటిలో ఒకే పద్యంలో ఒకే పొరపాటు ఉంటే, ఆ మూడూ ఒకే మూలప్రతి చూసి రాసినవని పట్టుకుంటారు. ఆ మూడింటిలో రెండింటిలో ఇంకో కొత్త పొరపాటు కూడా ఉంటే, ఆ రెండూ మరింత దగ్గరి చుట్టాలు. వైరస్ విషయంలోనూ ఇదే లెక్క. పంచుకున్న తప్పులను బట్టి కొమ్మలు గీస్తారు. ప్రతి శాంపిల్‌కూ తేదీ ఉంటే, తప్పులు పడే వేగం తెలుసు కాబట్టి ఒక కొమ్మ ఎప్పుడు విడిపోయిందో కూడా అంచనా వేయవచ్చు.

నాకు ఎవరి నుంచి అంటుకుందో దీనితో రుజువు చేయవచ్చా?

కాదు అని రుజువు చేయడం సులభం, అవును అని చెప్పడం కష్టం. ఇద్దరి వైరస్‌లలో పది తేడాలుంటే ఒకరి నుంచి ఒకరికి రాలేదని ధైర్యంగా చెప్పవచ్చు. తేడాలే లేకపోతే? ఒక్కో శాఖకు నెలకు రెండు మార్పులే వచ్చే వైరస్‌లో, ఒకే వారంలో ఒకే ఊళ్లో సోకిన వందమందిలోనూ అదే జన్యుక్రమం ఉండవచ్చు. ఫలానా పెళ్లిలో ఫలానావాళ్ల వల్లే వచ్చిందని నిందించడానికి ఇది సాక్ష్యం కాదు. ఆ రోజుల్లో ఇలాంటి నిందల వల్ల అన్నదమ్ములు మాటలు మానేసిన ఇళ్లు నాకు తెలుసు.

## పేర్లు

బి.1.617.2, డెల్టా... ఒకేదానికి రెండు పేర్లెందుకు?

మొదటిది శాస్త్రవేత్తలు పెట్టిన శాఖ పేరు. బి అనే కొమ్మ, దాని ఒకటో పిల్ల, దాని 617వ పిల్ల, దాని రెండో పిల్ల. ఇంటిపేరు, తాత పేరు, తండ్రి పేరు కలిపి పిలిచినట్టు. చుక్కలు మూడు దాటితే కొత్త అక్షరాలతో మళ్లీ మొదలుపెడతారు. రెండు శాఖలు ఒకే మనిషిలో కలిసి పుట్టిన సంకరమైతే పేరు ఎక్స్‌తో మొదలవుతుంది. ఎక్స్‌బీబీ అలాంటిదే.

రెండోది మామూలు జనం కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మే 31న మొదలుపెట్టిన గ్రీకు అక్షరాల పేరు. అంతకుముందు యూకే వేరియంట్, ఇండియన్ వేరియంట్ అంటూ దేశాలకు ముద్రలు వేసేవారు. విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఆ ముద్ర ఎంత ఇబ్బంది పెట్టిందో వాళ్లనే అడగాలి.

ఒక వేరియంట్ మన దేశంలో మొదట కనిపిస్తే ఇక్కడే పుట్టినట్టేనా?

కచ్చితంగా అలా అనలేం. వెతికినవాళ్లకే దొరుకుతుంది. ఒమిక్రాన్‌ను బోట్స్వానా, దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు మొదట గుర్తించారు, ఎందుకంటే అక్కడ నిఘా బాగుంది. 2021 నవంబర్ 24న ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెప్పారు, రెండు రోజుల్లోనే దాన్ని ఆందోళనకర వేరియంట్‌గా ప్రకటించారు. నిజం దాచకుండా చెప్పినందుకు వాళ్లకు దక్కింది విమానాల నిషేధం. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. ఇలా శిక్షిస్తే తర్వాతిసారి ఏ దేశం త్వరగా చెబుతుంది?

## మన దేశంలో జరిగింది

ఇండియాలో ఈ పని ఎప్పుడు మొదలైంది?

మొదటి కేసులతోనే. 2020 జనవరి 30న కేరళలోని త్రిసూర్‌లో తొలి కేసు నిర్ధారణ అయింది. కేరళ తొలి కేసుల నుంచి పుణెలోని ఎన్‌ఐవీ (జాతీయ వైరాలజీ సంస్థ) రెండు జన్యుక్రమాలు చదివింది. ఆ రెండూ అచ్చంగా ఒకటి కాదు, అంటే వైరస్ దేశంలోకి రెండు వేర్వేరు దారుల్లో వచ్చింది.

తర్వాత కొద్ది నెలలకే హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు ఒక ప్రత్యేకమైన గుంపును గుర్తించి ఏ3ఐ అని పేరు పెట్టారు. తొలి నివేదికలో అప్పటి భారతీయ జన్యుక్రమాల్లో దాని వాటా 41 శాతం. ఆ పరిశోధన జర్నల్‌లో అచ్చయ్యే నాటికి మరిన్ని జన్యుక్రమాలు చేరి ఆ వాటా 22 శాతానికి దిగింది. డి614జి ఉన్న ఏ2ఏ గుంపు దాన్ని నెట్టుకుంటూ వచ్చింది. ఒక రూపం వెనక్కి తగ్గడం, ఇంకొకటి ముందుకు రావడం మన కళ్ల ముందు మొదటిసారి అంకెల్లో కనిపించింది అప్పుడే.

ఇన్సాకాగ్ అంటే ఏమిటి?

దేశంలో కోవిడ్ జన్యుక్రమాలు చదివే ల్యాబ్‌ల కూటమి. బ్రిటన్‌లో ఆల్ఫా బయటపడ్డాక 2020 డిసెంబర్ చివర్లో 10 ల్యాబ్‌లతో ఏర్పాటైంది. అందులో రెండు హైదరాబాద్‌వే: సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరిశోధన కేంద్రం). డిసెంబర్ 29న దేశంలో ప్రకటించిన మొదటి ఆరు ఆల్ఫా కేసుల్లో రెండు సీసీఎంబీలో తేలాయి. తర్వాత ల్యాబ్‌ల సంఖ్యను 28కి, ఆపైన ఇంకా పెంచారు.

డెల్టాను ముందే పట్టుకుని రెండో వేవ్‌ను ఆపలేకపోయారా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లలో చాలామంది ఆ ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు. అందుకే జాగ్రత్తగా చెప్పాలి.

డెల్టా కుటుంబమైన బి.1.617 మన దేశంలో 2020 అక్టోబర్ శాంపిళ్లలోనే ఉంది. కానీ అప్పుడు అది వేల కొమ్మల్లో ఒకటి. ఆ సెప్టెంబర్‌లో రోజుకు 97 వేల దాకా వెళ్లిన కేసులు, 2021 ఫిబ్రవరికల్లా పది పదిహేను వేలకు పడిపోయాయి. అందరూ గండం గడిచిందనుకున్నారు. పాజిటివ్‌లలో 5 శాతం చదవాలన్నది లక్ష్యమైతే, ఆ నెలల్లో చదివింది ఒక శాతం కూడా లేదు. చూపంతా విదేశాల నుంచి వచ్చేవాళ్ల మీద, ఆల్ఫా మీద ఉంది. మార్చి 24న ఆరోగ్య శాఖ చెప్పిన లెక్కలో ఆ విషయం కనిపిస్తుంది: 10,787 శాంపిళ్లలో 771 ఆందోళనకర వేరియంట్లు, అందులో 736 బ్రిటన్‌లో మొదట గుర్తించిన రకమే, అంటే ఆల్ఫా. అదే ప్రకటనలో మహారాష్ట్ర శాంపిళ్లలో 15 నుంచి 20 శాతంలో ఈ484క్యూ, ఎల్452ఆర్ అనే మార్పులున్నాయని చెప్పారు. పేపర్లు దాన్నే డబుల్ మ్యూటెంట్ అన్నాయి. నిజానికి అందులో పదికి పైగా మార్పులున్నాయి.

నెల తిరక్కుండా రోజుకు 3 లక్షల కేసులు, మే మొదటి వారంలో 4,14,000 దాటాయి.

ముందే చదివి ఉంటే ఆగేదా? జన్యుక్రమం దానంతట అదే ఏ వేవ్‌నూ ఆపదు. కానీ మహారాష్ట్రలోని విదర్భలో కేసులు పెరుగుతున్నప్పుడే అక్కడి శాంపిళ్లు తగినన్ని చదివి, అది మిగతావాటి కంటే వేగంగా పెరుగుతోందని ఫిబ్రవరిలోనే తేల్చి ఉంటే, ఆక్సిజన్, పడకలు, సభలు, జాతరల విషయంలో నిర్ణయాలకు కొన్ని వారాలు దొరికేవి. ఆ కొన్ని వారాల విలువ ఎంతో ఆక్సిజన్ కోసం క్యూలో నిలబడ్డవాళ్లకు తెలుసు.

ఏపీ స్ట్రెయిన్ అని 2021లో భయపెట్టారు. అది నిజమేనా?

మ్యుటేషన్ నిజం, దాని చుట్టూ అల్లిన కథ నిజం కాదు. ఎన్440కె అనే మార్పు 2020లో దక్షిణాది రాష్ట్రాల శాంపిళ్లలో కనిపించింది, కర్నూలు పేరు ఎక్కువగా వినిపించింది. ఆ మార్పు ఉన్న వైరస్ ల్యాబ్‌లోని కణాల్లో కనీసం పదిరెట్లు ఎక్కువగా పెరిగిందని ఒక ప్రయోగం చూపింది. గాజు పాత్రలోని కణాల్లో కనిపించిన ఆ సంగతి టీవీల్లోకి, వాట్సాప్‌లోకి వచ్చేసరికి 15 రెట్లు, 1000 రెట్లు ప్రాణాంతకం అయిపోయింది. 2021 మే మొదట్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నుంచి వచ్చేవాళ్లకు 14 రోజుల క్వారంటైన్ అని ఢిల్లీ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. తెలుగువాళ్లం అందరం అనుమానితులమైపోయాం.

అదే సమయంలో సీసీఎంబీ శాస్త్రవేత్తలు చెప్పింది వేరు. జన్యుక్రమాల లెక్క చూస్తే ఎన్440కె తగ్గిపోతోంది, బి.1.617 కుటుంబం దాని చోటు ఆక్రమిస్తోంది. ఆ మేలో మన దగ్గర మనుషులను ముంచుతున్నది కొత్త ఏపీ స్ట్రెయిన్ కాదు, దేశమంతటా ఉన్న డెల్టాయే. ఒక సంగతి చాలామందికి తెలియదు: అదే ఎన్440కె తర్వాత ఒమిక్రాన్‌లో కూడా కనిపించింది, మరో 30 మార్పులతో కలిసి. ఒక్క మ్యుటేషన్‌ను పట్టుకుని వైరస్ స్వభావం చెప్పకూడదనేది అందుకే.

ఒమిక్రాన్ టైమ్‌కి పరిస్థితి మెరుగైందా?

చాలా. ప్రపంచం దాని పేరు విన్న వారం రోజుల్లోనే, 2021 డిసెంబర్ 2న, దేశంలో మొదటి రెండు కేసులు బెంగళూరులో బయటపడ్డాయి. ఎయిర్‌పోర్టులో టెస్టు, పాజిటివ్ అయితే వెంటనే సీక్వెన్సింగ్ అనే గొలుసు అప్పటికి పనిచేస్తోంది. 2023 మార్చి, ఏప్రిల్‌లలో ఎక్స్‌బీబీ.1.16 వల్ల కేసులు పెరిగినప్పుడు కూడా కారణం వెంటనే తెలిసింది.

హైదరాబాద్ మురుగునీటిలో వైరస్‌ను లెక్కపెట్టారట, అదెలా?

సోకినవాళ్ల మలంలో వైరస్ జన్యుపదార్థం బయటికి వస్తుంది, లక్షణాలు లేకపోయినా సరే. 2020లో సీసీఎంబీ, ఐఐసీటీ (హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ) కలిసి నగరంలోని మురుగు శుద్ధి కేంద్రాలకు వచ్చే నీటిని పరీక్షించాయి. సుమారు 35 రోజుల వ్యవధిలో 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని ఆగస్టులో అంచనా ఇచ్చాయి. అధికారిక లెక్కల కంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ. మురుగునీటి నుంచి వేరియంట్ల వాటాలు కూడా చదవవచ్చు. ఇప్పుడు జనం టెస్టులే చేయించుకోవడం లేదు కాబట్టి ఈ పద్ధతి విలువ ఇంకా పెరిగింది.

## ఇప్పుడు

ఇంకా ఈ పని జరుగుతోందా? అవసరమా?

జరుగుతోంది, కానీ శాంపిళ్లు బాగా తగ్గాయి. 2023 డిసెంబర్‌లో జేఎన్.1 కేరళలో కనిపించింది. 2025 మేలో ఎన్‌బీ.1.8.1, ఎల్ఎఫ్.7 పేర్లు వార్తల్లోకి వచ్చాయి. ఇవన్నీ ఒమిక్రాన్ వంశమే. టెస్టులు తగ్గినప్పుడే కనీసం కొన్ని ఆసుపత్రుల నుంచి క్రమం తప్పకుండా శాంపిళ్లు వెళ్లాలి. కేసులు లేవని 2021 జనవరి, ఫిబ్రవరిలో కళ్లు మూసుకున్నప్పుడు ఏం జరిగిందో చూశాం.

కొత్త వేరియంట్ వార్త చూడగానే టెన్షన్ వస్తుంది. దేన్ని నమ్మాలి?

వార్తలో మూడు విషయాలు వెతకండి. మిగతా రకాలతో పోలిస్తే దాని వాటా వారం వారం పెరుగుతోందా? ఆసుపత్రిలో చేరేవాళ్ల సంఖ్య పెరుగుతోందా? చెబుతున్న ఫలితం మనుషుల్లోదా, ల్యాబ్‌లో కణాల మీదదా? ఈ మూడూ లేకుండా ఎన్ని రెట్లు ప్రమాదకరమో మాత్రమే చెప్పే ఫార్వర్డ్‌ను ముందుకు పంపకండి. పెద్ద వయసువాళ్లు, షుగర్, కిడ్నీ జబ్బులు ఉన్నవాళ్లు ఏ వేరియంట్ అయినా జాగ్రత్తగానే ఉండాలి.

టెస్టుకి వెళ్తే నా వంతుగా ఏమైనా చేయగలనా?

చేయగలరు, రెండు నిమిషాల పని. ఫారంలో ఆధార్ కార్డు మీద ఉన్న సొంతూరి చిరునామా కాకుండా, గత రెండు వారాలుగా మీరు నిజంగా ఉంటున్న చోటు చెప్పండి, పిన్‌కోడ్‌తో సహా. అమీర్‌పేట హాస్టల్‌లో ఉంటూ శ్రీకాకుళం చిరునామా రాస్తే ఆ వైరస్ శ్రీకాకుళం లెక్కలో పడుతుంది. జ్వరం ఏ రోజు మొదలైందో, ఎక్కడికైనా ప్రయాణం చేశారో, చివరి వ్యాక్సిన్ ఎప్పుడు వేసుకున్నారో చెప్పండి. కౌంటర్‌లో ఉన్నవాళ్లు హడావిడిలో అడగకపోతే మీరే చెప్పి రాయించండి.